ఏం లేదు, పడుకో

డెబ్బైల నాటి అమెరికన్ టీవీ హారర్ సినిమాలు ఇప్పుడు చూసేవాళ్లు ముందు నవ్వుతారు. మాస్కు అతుకు కనిపిస్తుంది, బొమ్మని కింద నుంచి ఎవరో ఆడిస్తున్నారని తెలిసిపోతుంది. "దీనికా ఆ కాలం పిల్లలు అంత జడుసుకున్నది!" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు మాస్కు వైపు చూస్తున్నారు. పిల్లలు చూసింది వేరే. దెయ్యం ఉందని ఒక మనిషి మొత్తుకుంటుంటే ఇంట్లోవాళ్లే నమ్మకపోవడం వాళ్లు చూశారు. ఆ పరిస్థితి పిల్లలకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

'డోంట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్' సంగతే చూడండి. 1973 అక్టోబర్ 10, బుధవారం రాత్రి ఏబీసీ చానల్లో వచ్చింది. ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ రాజీనామా చేసింది కూడా ఆ రోజే, అందుకని చరిత్ర పుస్తకాలకి ఆ తేదీ వేరే రకంగా గుర్తు. కథ చిన్నది. శాలీ, అలెక్స్ అనే భార్యాభర్తలు వారసత్వంగా వచ్చిన ఓ పాత ఇంట్లో చేరతారు. ఒక గదిలో ఇటుకలతో మూసేసిన ఫైర్‌ప్లేస్ ఉంటుంది. బూడిద తీసే చిన్న ఇనుప తలుపుకి బోల్టులు బిగించి ఉంటాయి. దాని జోలికి పోవద్దని హారిస్ అనే ముసలి వడ్రంగి చెబుతాడు, ఎందుకో మాత్రం చెప్పడు. శాలీ ఆ బోల్టులు విప్పుతుంది. లోపలున్నవి బయటికి వస్తాయి. ఎండిన రేగుపండులా ముడతలు పడ్డ ముఖాలు, చిన్న చిన్న ఒళ్లు. వెలుతురు పడదు వాటికి. చీకట్లో ఎక్కడో నక్కి "శాలీ... శాలీ..." అని గుసగుసగా పిలుస్తుంటాయి.

శాలీ భర్తకి చెబుతుంది. భర్తకి ఉద్యోగంలో పైకి రావడమే లోకం, ఆ టెన్షన్‌లో ఉంటాడు. ఇంటికి అతిథులు వచ్చి విందు జరుగుతుంటే ఆ జీవుల్లో ఒకటి ఆమె ఒక్కదానికే కనిపిస్తుంది. ఆమె కెవ్వున అరుస్తుంది. అలెక్స్ ముఖంలో అప్పుడు కనిపించేది భయం కాదు, పరువు పోయిందన్న చిరాకు. నన్నడిగితే సినిమా మొత్తంలో అన్నిటికంటే భయంకరమైన షాట్ అదే. తర్వాత వచ్చే బాత్రూంలో ఆరిపోయే లైటు, రేజరు పట్టుకున్న చిట్టి చేయి, మెట్లకి అడ్డంగా కట్టిన తాడు, ఇవన్నీ దాని తర్వాతే. చివర్లో నిద్రమాత్రలు కలిపిన కాఫీ తాగి మత్తులో ఉన్న శాలీని అవి ఫైర్‌ప్లేస్ వైపు ఈడ్చుకుపోతాయి. ఆమె కెమెరా ఫ్లాష్ వెలిగించి కాసేపు ఆపుతుంది, ఆగవు. అప్పటికి అలెక్స్ నమ్మడం మొదలుపెట్టాడు, కానీ ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆఖరున చీకట్లో గుసగుసలాడే గొంతుల్లో శాలీ గొంతు కూడా కలిసి ఉంటుంది.

రాత్రిపూట ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాకి ఆ ముగింపు పెట్టారు. ఆమె బతకలేదు, ఎవరూ కాపాడలేదు.

ఆ సినిమా చూసి వణికిన పిల్లల్లో మెక్సికోలో పెరిగిన గిలెర్మో డెల్ టోరో ఒకరు. పెద్దై దర్శకుడయ్యాక ఆయన దాన్ని వదల్లేదు. తనే స్క్రిప్టు రాయడంలో చేయి వేసి, నిర్మాతగా ఉండి మళ్లీ తీయించారు. అది 2011లో థియేటర్లకి వచ్చింది. బొమ్మలు గొప్పగా ఉన్నాయి, ఇల్లు ఇంకా గొప్పగా ఉంది. కానీ ఒక మార్పు చేశారు. శాలీని చిన్నపిల్లని చేశారు. తండ్రి నమ్మడు, తండ్రి స్నేహితురాలు కిమ్ మెల్లగా నమ్ముతుంది. ఈ మార్పు పైకి చూస్తే సబబే అనిపిస్తుంది. పిల్లల భయం కథ కదా, పిల్లనే మధ్యలో పెడితే పోలా? నాకు మాత్రం అక్కడే సినిమా సగం చచ్చిపోయిందనిపిస్తుంది. పిల్లల మాట పెద్దలు నమ్మరని పిల్లలకి ముందే తెలుసు. అందులో కొత్త భయం ఏముంది? 1973 శాలీ పెద్ద మనిషి. పెళ్లయింది, ఇల్లుంది, ఇంటి తాళాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. అయినా నమ్మలేదు. "పెద్దయితే నా మాట వింటారు" అనుకుంటూ బతికే పిల్లాడికి అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. పెద్దయినా వినరన్నమాట.

ఇంకోటి. 1973లో దేశమంతా ఇంట్లో కూర్చుని చూసిన కథకి 2011లో ఆర్ రేటింగ్ వచ్చింది. అంటే పదిహేడేళ్లు నిండని పిల్లలు పెద్దల తోడు లేకుండా హాల్లోకి పోకూడదు. ఎవరి భయం గురించి తీశారో వాళ్లని బయట నిలబెట్టారు.

ఈ సినిమాలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి. అప్పట్లో అమెరికాలో పెద్ద చానళ్లు మూడే. వాటిలో వెనకబడి ఉన్నది ఏబీసీ. హాలీవుడ్ పాత సినిమాలు కొని వేసుకోవడానికి డబ్బులు తగలేసే బదులు, టీవీ కోసమే ప్రతి వారం ఓ కొత్త సినిమా తీస్తే సరిపోతుందని 1969లో 'మూవీ ఆఫ్ ది వీక్' మొదలుపెట్టారు. దాని వెనక ఉన్నది బ్యారీ డిల్లర్ అనే కుర్ర అధికారి. గంటన్నర స్లాటు, అందులో యాడ్స్ తీసేస్తే సినిమా డెబ్బై నాలుగు నిమిషాలు, అటూ ఇటుగా. షూటింగుకి రెండు వారాలు దొరికితే అదే ఎక్కువ. రక్తం చూపించకూడదు, నరకడం చూపించకూడదు. డబ్బు లేదు, రోజులు లేవు, రక్తం లేదు. ఇక మిగిలింది ఒక ఇల్లు, ఒక మనిషి, ఆ మనిషి మాట నమ్మని ఇంకో నలుగురు. చేతిలో ఉన్నది అదే కాబట్టి రచయితలు అక్కడే తవ్వారు. పైగా ప్రతి పది పన్నెండు నిమిషాలకీ యాడ్ వస్తుంది. ప్రేక్షకుడు చానల్ మార్చకుండా ఆ ముందు ఒక దెబ్బ కొట్టి ఆపాలి. ఆ దెబ్బ మనసులో పట్టుకుని సబ్బుల ప్రకటనలు చూస్తూ కూర్చోవాలి పిల్లలు. వీసీఆర్‌లు ఇంటింటికీ రాని కాలం. నచ్చిందనో అర్థం కాలేదనో మళ్లీ వేసుకుని చూడటం కుదరదు. ఒకసారి చూసింది బుర్రలో ఎలా మిగిలితే అలాగే పెరుగుతుంది.

ఈ పనిని అందరికంటే బాగా తెలిసి చేసినవాడు రిచర్డ్ మాథసన్. ఆయన పేరు మన దగ్గర పెద్దగా వినపడదు, వినపడాలి. 1963లో 'ది ట్వైలైట్ జోన్' సీరియల్‌కి ఆయన రాసిన ఒక ఎపిసోడ్‌లో, మానసిక జబ్బు నుంచి అప్పుడే కోలుకున్న ఒకాయన భార్యతో విమానంలో ఇంటికి వెళుతుంటాడు. రెక్క మీద ఏదో జీవి కూర్చుని ఇంజను పీకుతూ కనిపిస్తుంది. ఆయన చూపించబోయేసరికి అది ఎగిరిపోతుంది. భార్య జాలిగా చూస్తుంది. విమానం సిబ్బంది బుజ్జగిస్తారు. చివరికి ఆయన్ని కట్టేసి స్ట్రెచర్ మీద దింపుకుపోతుంటే, కెమెరా మెల్లగా రెక్క వైపు తిరుగుతుంది. అక్కడ లోహం వంచి ఉంటుంది. అది మనకి కనిపిస్తుంది, అప్పటికి అక్కడ ఇంకెవరూ చూడలేదు.

ఆ ఒక్క పరిస్థితినే మాథసన్ డెబ్బైల్లో టీవీ సినిమాలకి మళ్లీ మళ్లీ తెచ్చాడు. కెనడీ హత్య జరిగిన రోజు స్నేహితుడితో కారులో వస్తుంటే ఒక ట్రక్కు ఆయన వెంటపడిందట. ఆ అనుభవం కథై, ఆ కథ 1971 నవంబర్లో 'డ్యూయెల్' అనే టీవీ సినిమా అయింది. తీసింది అప్పటికి ఇరవై నాలుగేళ్ల స్టీవెన్ స్పీల్‌బర్గ్. ట్రక్కు డ్రైవరు ముఖం మనకి ఎక్కడా కనిపించదు. అందరూ ఛేజింగ్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం రోడ్డు పక్క హోటల్ సీనే గుర్తుంటుంది. హీరో లోపల కూర్చుని, ఈ తినేవాళ్లలో ఆ డ్రైవరు ఎవడా అని ఒక్కొక్కరి బూట్లూ చూస్తుంటాడు. ఎవడో ఒకడని తెగించి వెళ్లి అడుగుతాడు. వాడు కాదు. దెబ్బలు తిని, నలుగురిలో పిచ్చివాడిగా నిలబడతాడు. ట్రక్కు నిజం, బయటే ఉంది. అయినా ఆ గదిలో పిచ్చివాడు అతనే.

రెండు నెలలకే, 1972 జనవరిలో, 'ది నైట్ స్టాకర్' వచ్చింది. స్క్రిప్టు మాథసన్‌దే, నిర్మాత డాన్ కర్టిస్. లాస్ వేగాస్‌లో ఆడపిల్లలు ఒంట్లో రక్తం లేకుండా చచ్చిపోతుంటారు. కోల్చాక్ అనే విలేకరి, మాసిన సూటూ గడ్డి టోపీతో తిరుగుతూ, చంపేది రక్తపిశాచి అని ఊరి పెద్దలందరికీ చెబుతాడు. ఎడిటర్ తిడతాడు, పోలీసులు గెంటేస్తారు. చివరికి దాన్ని తనే చంపుతాడు. అప్పుడేం జరగాలి? శాలువా కప్పాలి. నిజం రాస్తే హత్య కేసు పెడతామని బెదిరించి అదే రోజు అతన్ని ఊరి నుంచి తరిమేస్తారు. అతను ప్రేమించిన అమ్మాయిని ముందే పంపించేస్తారు. కోల్చాక్ మాట వాళ్లకి తప్పనిపించి కాదు, నిజమని తెలిసే అలా చేస్తారు. అప్పటిదాకా వచ్చిన టీవీ సినిమాలన్నిటిలోకీ ఎక్కువ రేటింగ్ దీనికే వచ్చింది. అది చూసిన కుర్రకారులో ఒకడు, క్రిస్ కార్టర్, పెరిగి 'ఎక్స్-ఫైల్స్' అనే టీవీ సీరియల్ తీశాడు. అందులో హీరో మల్డర్ మాట ఎవరూ నమ్మకపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో అతను దాచలేదు.

'ట్రిలజీ ఆఫ్ టెర్రర్' మూడో కథ గురించి కూడా చెప్పాలి, అది 1975 మార్చిలో వచ్చింది. ఒక్క నటి, కరెన్ బ్లాక్, ఒక అపార్ట్‌మెంట్, ఒక చెక్క బొమ్మ. ఈటె, పదునైన పళ్లు, మెడలో గొలుసు. గొలుసు ఊడిపోతే బొమ్మకి ప్రాణం వస్తుంది. అందరికీ ఆ బొమ్మే గుర్తు. కథ మొదలయ్యేది మాత్రం తల్లితో ఫోన్‌లో. ఆ రాత్రి రాలేనని కూతురు చెబుతుంటే తల్లి వినదు, అలుగుతుంది, కూతురు ఇంకా చిన్నపిల్లలా సంజాయిషీ ఇచ్చుకుంటుంది. ఆ తర్వాత బొమ్మ కత్తి పట్టుకుని గదులన్నీ తరుముతున్నా, ఆ అమ్మాయికి సాయం అడగడానికి ఒక్క మనిషి లేదని ఆ ఫోన్ మనకి ముందే చెప్పేసింది. ఒక్క విషయంలో ఈ సినిమాని క్షమించలేను. ఆ బొమ్మని న్యూమెక్సికోలో ఉండే జూనీ జాతివాళ్లదని చెప్పారు. జూనీలు రాతిలో చెక్కేవి చిన్న చిన్న జంతువుల బొమ్మలు, వాళ్లకవి పవిత్రమైనవి. చంపడానికి తిరిగే మనిషి బొమ్మ ఒకటి సృష్టించి, బతికున్న ఒక జాతి పేరు దానికి తగిలించారు.

నేను వీటిని చూసింది పెద్దయ్యాకే, పాత వీడియో టేపుల నుంచి ఎవరో నెట్‌లో ఎక్కించిన మసక కాపీల్లో. నా చిన్నప్పటి భయం వేరే. తెనాలిలో పక్కింటివాళ్ల కేబుల్ టీవీలో రామ్సే సోదరుల 'జీ హారర్ షో'. హిందీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తలుపు కిర్రుమనడం అర్థమయ్యేది, అది చాలు. ఇంటికొచ్చి పడుకుంటే దొడ్డివైపు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉండేది. నాన్న లేచి చూసి "ఏం లేదు, పడుకో" అనేవాడు. ఆయన కోప్పడలేదు, నిజమే చెప్పాడు. కానీ ఆ మాటతో ఆయన నిద్రలోకి వెళ్లిపోయేవాడు, నేను కిటికీతో మిగిలిపోయేదాన్ని.

అమ్మమ్మ అలా అనేది కాదు. "ఏం చూశావే? ఎటు నిలబడింది? పొడుగ్గా ఉందా?" అని అడిగేది. అడిగి, కిటికీ రెక్క మూసి, నా నుదుట విభూతి పెట్టి, తలగడ కింద ఇనుప అట్లకాడ దోపేది. పక్కన కూర్చుని ఆంజనేయ దండకం చదివేది. "పిల్ల దడుచుకుంది" అని మర్నాడు దిష్టి తీసేది. ఆమె దెయ్యాల్ని నిజంగా నమ్మేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, దాంతో పని కూడా లేదు. నేను భయపడ్డానన్నది నమ్మింది. అట్లకాడకి ఏ శక్తీ లేదని ఇవాళ నాకు తెలుసు. అయినా ఆ రాత్రుళ్లు నేను పడుకోగలిగింది దాని వల్లే.

ఇది చెబితే చదువుకున్నవాళ్లు కొందరు మూఢనమ్మకాలు పెంచుతున్నావంటారు. నేననేది అది కాదు. పిల్లకి దెయ్యం లేదని చెప్పండి, తప్పకుండా చెప్పండి. ముందు ఏం చూసిందో పూర్తిగా విని అప్పుడు చెప్పండి. వినకుండా చెప్పే "ఏం లేదు"కీ, విన్నాక చెప్పే "ఏం లేదు"కీ తేడా పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

1979 నవంబర్లో సీబీఎస్ రెండు భాగాలుగా వేసిన 'సేలమ్స్ లాట్' ఈ తేడాని పట్టుకుంది. స్టీఫెన్ కింగ్ రాసిన రక్తపిశాచుల నవల, దర్శకుడు టోబీ హూపర్. అందులో కిటికీ సీను తెలియనివాళ్లు తక్కువ. చచ్చిపోయిన తమ్ముడు పొగమంచులో తేలుతూ వచ్చి మేడ మీద కిటికీ అద్దాన్ని గోళ్లతో గీకుతాడు, లోపలికి రానివ్వమని నవ్వుతాడు. పిల్లవాణ్ణి తీగలతో వేలాడదీస్తే ఊగుతూ తెలిసిపోతుందని క్రేన్‌కి బిగించారు. సీన్ని వెనక నుంచి ముందుకి తీసి, తిప్పి వేశారు. అందుకే పొగ కదలాల్సినట్టు కదలదు. చూసేవాడికి ఎక్కడ తేడా ఉందో తెలియదు, ఒళ్లు మాత్రం జలదరిస్తుంది. రబ్బరు మాస్కులని నవ్వేవాళ్లు ఈ ఒక్క సీను రాత్రిపూట కిటికీ పక్కన కూర్చుని చూడాలి.

నాకు ఆ సీను కంటే మార్క్ అనే కుర్రాడు ముఖ్యం. గది నిండా రాక్షసుల మోడల్ బొమ్మలు. ఇవన్నీ ఎప్పుడు మానేస్తావురా అని తండ్రి విసుక్కుంటాడు. తర్వాత తన గది కిటికీ దగ్గరికి అలాంటిదే వస్తే, ఆ బొమ్మల్లోంచి ఓ చిన్న శిలువ పీకి ఎదురు పెట్టి బతికేది మార్కే. తెలివైన తల్లిదండ్రులు వంటింట్లోనే చచ్చిపోతారు. 1979లో టీవీ ముందు దుప్పటి కప్పుకుని కూర్చున్న పదేళ్లవాడికి ఇది ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో! నీ భయం పనికిమాలింది కాదు, నీకు తెలిసింది తెలివే అని ఒక సినిమా వాడితో చెప్పింది.

సరే, ఈ వాదనకి ఎదురు నిలిచేది ఒకటుంది. దాన్ని దాటేసి పోతే అన్యాయం. 1992 అక్టోబర్ 31 రాత్రి బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' వేసింది. రాసింది స్టీఫెన్ వోక్, దర్శకురాలు లెస్లీ మానింగ్. అంతా ముందే తీసిన కథ. చూపించింది మాత్రం లైవ్ కార్యక్రమంలా. స్టూడియోలో మైకేల్ పార్కిన్‌సన్, దెయ్యం ఉన్న ఇంట్లో శారా గ్రీన్. శారా గ్రీన్ అంటే శనివారం పొద్దున పిల్లల కార్యక్రమంలో కనిపించే మనిషి. తెర మీద బీబీసీ ఎప్పుడూ ఇచ్చే ఫోన్ నంబరే. ఆ నంబరుకి చేస్తే ఇది కథేనని రికార్డు చేసిన మాట వినపడాలి. లైన్లు జామై చాలామందికి ఎంగేజ్ టోనే వినపడింది. కోటి మందికి పైగా చూశారు. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, ఆ కార్యక్రమం చూసి మానసికంగా దెబ్బతిన్న ఇద్దరు పదేళ్ల పిల్లల గురించి డాక్టర్లు రాశారు.

అందులో దెయ్యం పేరు పైప్స్. ఇంట్లో రాత్రిళ్లు చప్పుళ్లు వస్తుంటే తల్లి "అవి నీళ్ల పైపులు, పడుకోండి" అని చెప్పింది. అందుకే పిల్లలిద్దరూ దానికి ఆ పేరు పెట్టుకున్నారు. నా వాదన మొత్తం ఆ ఒక్క పేరులో ఉంది. ఇంకా ఉంది: పెద్దమ్మాయి సుజాన్, నమ్మించాలనే తపనతో తనే గోడ కొడుతూ దొరికిపోతుంది. స్టూడియోలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలుది వచ్చేసరికి ఆ పిల్ల మాటకి విలువ ఉండదు. ఇంత బాగా రాసినది ఈ రకం మొత్తంలో ఇంకోటి లేదంటాను.

అయినా అది గీత దాటింది. మిగతా సినిమాల్లో మోసపోయేవాళ్లు తెర లోపలే ఉంటారు. శాలీ మాట అలెక్స్ నమ్మడు, కానీ సినిమా నమ్ముతుంది, చూసే పిల్లాడు కూడా నమ్ముతాడు. ఇద్దరూ ఒక పక్షం. 'ఘోస్ట్‌వాచ్' ఆ పొత్తు తెంపేసింది. పిల్లలు ఎవర్ని నమ్ముతారో ఆ ముఖాల్నే తెచ్చి, అబద్ధం చెప్పించింది. మొదట్లో రచయిత పేరు వేశారని దాని అభిమానులు గుర్తు చేస్తారు. పేర్లు చదివి ఇది కల్పన అని తేల్చుకోవడం పదేళ్ల పిల్లాడి పనా? ఆ పిల్లల జబ్బుకి కారణం భయం ఎక్కువ కావడం అని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. భయం 'సేలమ్స్ లాట్'లో తక్కువేం లేదు. ఇక్కడ పోయింది నమ్మకం. పక్కన కూర్చున్న తల్లిదండ్రులే ఇది నిజమో కాదో తేల్చుకోలేకపోతే, పిల్లాడు ఎవర్ని అడగాలి?

ముప్పై ఏళ్లు దాటినా బీబీసీ దాన్ని టీవీలో మళ్లీ వేయలేదు. వేయాలనే నేనంటాను. మొదట్లోనే ఇది కథ అని స్పష్టంగా చెప్పి, పిల్లలు పడుకునే వేళ దాటాక వేయాలి. ఆ రాత్రి భయపడ్డ పదేళ్లవాళ్లకి ఇప్పుడు నలభై దాటాయి, వాళ్లకి పిల్లలున్నారు. అప్పట్లో వాళ్లకి దొరికింది ఎంగేజ్ టోను, ఆ తర్వాత ఉత్త టీవీ కార్యక్రమానికి ఇంత గొడవా అన్న మందలింపు. ఇప్పుడు చూస్తే దాన్ని ఎంత చక్కగా తీశారో వాళ్లకి కనిపిస్తుంది. ఎక్కడ మోసం చేశారో కూడా కనిపిస్తుంది. కాస్త పెద్దైన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నీ వయసులో ఇది చూసి నెలల తరబడి ఒంటరిగా పడుకోలేదు నేను, ఇదిగో ఈ సీనుకే" అని చెప్పగలరు.